ఆఫ్రికా మీద కథ రాయాలనుందా? ఒక ఆనకట్టతో మొదలుపెట్టండి

మా అమ్మమ్మ వాళ్ల ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. ఊరు వదిలేటప్పుడు ఆవిడ ఇంటి గడప పీకించి బండిలో వేయించుకుంది. కొత్త చోట కట్టిన ఇంటికి ఆ గడప కొలత సరిపోలేదు. నాకు ఊహ తెలిసేనాటికి అది పెరట్లో బట్టలుతికే బండ పక్కన పడి ఉండేది. పిల్లలం దాని మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకునేవాళ్లం.

చాలా ఏళ్ల తర్వాత, ఘనా దేశంలో ఓల్టా నది మీద కట్టిన అకొసొంబో ఆనకట్ట గురించి చదువుతూ ఒక చోట ఆగిపోయాను. నిర్వాసితులకు ప్రభుత్వం కట్టించిన ఇళ్లలో ఒక్క గదే పూర్తిచేసి ఇచ్చారట. మిగతా చోటికి పునాది వేసి, పైన కప్పు వేసి వదిలేశారు. గోడలు ఎవరివి వాళ్లు లేపుకోవాలి. ఆ ఊళ్లలో ఇద్దరేసి భార్యలున్న ఇళ్లు తక్కువేం కాదు. పాత ఊళ్లో ఎవరి గది వాళ్లకుండేది. ఇప్పుడు ఇద్దరికీ కలిపి ఒకటే గది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆఫ్రికా దేశాల అభివృద్ధి గురించి అప్పటిదాకా నేను చదివిందంతా అక్కడ కథగా తిరిగింది. ఎక్కడో ఉన్న దేశం మీద తెలుగులో కథ ఎలా రాస్తారని అడిగేవాళ్లకు నేను చెప్పే పద్ధతి ఇది. అకొసొంబోనే ఉదాహరణగా పెట్టుకుంటాను. మీరు మీకు నచ్చిన చోటు ఎంచుకోండి.

1. ఖండాన్ని వదిలి ఒక పథకాన్ని పట్టుకోండి

ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. "ఆఫ్రికా కథ" అనేది ఎవరూ రాయలేరు. ఒక్క ఆనకట్ట, ఒక్క రైలు మార్గం, ఒక్క పంట పథకం ఎంచుకోండి. ఎప్పుడు మొదలైందో, ఎక్కడ జరిగిందో స్పష్టంగా తెలిసి ఉండాలి. వీలైతే మీ కుటుంబానికి ఇప్పటికే తెలిసిన బాధో ఆశో అందులో ఉండాలి. అనంతపురం వేరుశనగ రైతు ఇంట్లో పుట్టినవాళ్లయితే 1947లో బ్రిటిష్ ప్రభుత్వం టాంగన్యికాలో, అంటే ఇప్పటి టాంజానియాలో, మొదలుపెట్టిన వేరుశనగ పథకం చూడండి. వాన వెలిశాక అక్కడి నేల రాయిలా గట్టిపడి యంత్రాలు విరిగిపోయాయి. 1951కల్లా దాన్ని వదిలేశారు. చేలో నిలబడి మట్టిని చేతిలోకి తీసుకుని చూసే అలవాటున్న మనిషికి ఆ కథ సగం తెలిసినట్టే. ఫోన్లో డబ్బు పంపడం గురించి రాయాలంటే కెన్యాలో 2007లో మొదలైన ఎంపెసా ఉంది. పట్నంలో కూలి చేసి ఊరికి డబ్బు పంపే కొడుకు మనకూ ఉన్నాడు కదా.

నేను అకొసొంబో తీసుకున్నది మా అమ్మమ్మ గడప వల్ల. ఘనాకు 1957 మార్చి 6న స్వాతంత్ర్యం వచ్చింది. ఆ దేశ తొలి నాయకుడు క్వామె ఎన్‌క్రుమా ప్రభుత్వం కరెంటు కోసం, పరిశ్రమల కోసం 1961లో ఆనకట్ట పని మొదలుపెట్టింది. 1964లో నీళ్లు నిలవడం మొదలైంది. 1966 జనవరిలో ప్రారంభోత్సవం జరిగింది. అదే కాలంలో మన దగ్గర నాగార్జునసాగర్ లేస్తోంది. 1955లో శంకుస్థాపన, 1967లో కాలువలకు నీళ్లు. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన రెండు దేశాలు ఒకే కల కంటున్న రోజులవి. ఆ కల నిజమైనదని నమ్మి రాయండి. దాన్ని మొదటి పేజీలోనే కొట్టిపారేసే రచయితకు ఆ నది ఒడ్డున నిలబడి చప్పట్లు కొట్టిన వాళ్ల ముఖాలు కనిపించవు.

2. అంకెలు దొరికాక భాగాహారం చేయండి

ఇది చాలామంది చేయని పని. రిపోర్టులో అంకె కనిపిస్తే నోట్‌బుక్‌లో ఎక్కించి ఊరుకుంటారు. దాన్ని విడగొట్టి చూడాలి.

ఓల్టా సరస్సు దాదాపు 8,500 చదరపు కిలోమీటర్లు. ఇంచుమించు మన పాత కృష్ణా జిల్లా అంత. జిల్లా మొత్తం నీళ్ల కింద ఉన్నట్టు ఊహించుకోండి. దాదాపు 80,000 మంది ఊళ్లు వదిలారు. మునిగినవి సుమారు 740 ఊళ్లు. కొందరు డబ్బు తీసుకుని వెళ్లిపోతే, మిగతావాళ్లను ప్రభుత్వం కట్టిన 52 కాలనీలకు తరలించారు.

80,000ను 740తో భాగిస్తే ఊరికి 108 మంది. చిన్న చిన్న పల్లెలన్నమాట. అందరికీ అందరూ తెలుసు. ఇప్పుడు 740ని 52తో భాగించండి. సగటున 14 పల్లెలు ఒక్క కాలనీలోకి వచ్చిపడ్డాయి. ప్రతి పల్లెకూ ఒక పెద్ద ఉంటాడు. కొత్త కాలనీలో మొదటి సభ జరిగిన రోజున ముందు వరసలో ఎవరు కూర్చోవాలి? ఎవరి మాటతో సభ మొదలవ్వాలి? పైగా ఆ కాలనీ కట్టిన నేల మరో ఊరివాళ్లది. వాళ్ల పెద్ద ఎక్కడ కూర్చుంటాడు?

రెండు భాగాహారాలకే ఒక సన్నివేశం దొరికింది.

3. కర్త లేని వాక్యాలు వెతకండి

ప్రాజెక్టు నివేదికల్లో "ప్రజలను తరలించడమైనది", "పరిహారం చెల్లించడమైనది" అనే తీరు వాక్యాలు అడుగడుగునా ఉంటాయి. మన సర్కారు కాగితాల భాషే ఇదీ. అలాంటి వాక్యం ఎదురైనప్పుడల్లా పక్కన పెన్సిల్‌తో ఈ ప్రశ్నలు రాసుకోండి: ఎవరు తరలించారు, దేంట్లో, పొద్దునా రాత్రా, కోళ్లను ఏం చేశారు, ముసలామె ముందు సీట్లో కూర్చుందా వెనక సామాన్ల మీద కూర్చుందా?

జవాబు దొరికితే వాస్తవం. దొరక్కపోతే అక్కడ కల్పనకు చోటు. కానీ జవాబు దొరికే చోట కల్పించకండి. దొరికేదాన్ని వెతక్కుండా ఊహించి రాస్తే చదివేవాళ్లకు తెలిసిపోతుంది. ప్రపంచ బ్యాంకు పాత పత్రాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవచ్చు. శాటిలైట్ మ్యాప్‌లో ఓల్టా సరస్సు అంచుల వెంబడి నెమ్మదిగా వెళ్లండి. చెట్ల వేళ్లలా చీలిపోయిన ఆ ఒడ్డు ఆకారం చూస్తేనే ఎన్ని లోయలు నిండిపోయాయో అర్థమవుతుంది. నీళ్లు నిలిచేముందు అడవిని చాలాచోట్ల కొట్టలేదు. ఎండిన మానులు నీటి అడుగున నిలబడే ఉన్నాయి, పడవలు వాటికి తగిలి తిరగబడ్డాయి. దాహం తీర్చే నీళ్లలోనే పాత అడవి దాక్కుని ఉంది. నా కథలో ఇది వాడుకోలేదు. మీరు వాడుకోండి.

4. పథకం ఇంట్లోకి ఏ వస్తువు రూపంలో వచ్చిందో చూడండి

అభివృద్ధి అనే పెద్ద మాట ఇంటి గుమ్మం దాకా వచ్చేసరికి ఒక వస్తువై ఉంటుంది. చీటీ, టోకెన్, తాళంచెవి, కరెంటు మీటరు, బోరింగు.

బోరింగు దగ్గర కాసేపు ఆగుతాను. ఎందుకంటే ఇది మనకూ ఆఫ్రికాకూ నిజంగా ఉన్న చుట్టరికం. మన ఊళ్లలో వీధి చివర కనిపించే ఆ చేతిపంపు అసలు పేరు ఇండియా మార్క్ 2. 1970ల్లో యూనిసెఫ్ సాయంతో మన దేశంలోనే తయారైంది. అక్కణ్ణుంచి ఆఫ్రికా దేశాలెన్నింటికో వెళ్లింది. ఘనాలో దాన్ని కొద్దిగా మార్చుకుని ఇప్పటికీ వాడుతున్నారు. అంటే మీరు చిన్నప్పుడు వేలాడి కొట్టిన ఆ ఇనప పిడినే అక్కడ ఒక పిల్ల కూడా వేలాడి కొడుతుంది. ఆ కిర్రుమనే చప్పుడు రాయడానికి మీకు ఏ రిపోర్టూ అక్కర్లేదు.

ఇప్పుడు లోపలికి చూడండి. ఆ పంపులో అడుగున, నీళ్ల మట్టానికి కింద, ఒక వాషరు ఉంటుంది. అది అరిగిపోతే పిడి ఎంత కొట్టినా నీళ్లు రావు. వాషరు ఖరీదు తక్కువే. కానీ మార్క్ 2లో దాన్ని మార్చాలంటే పైపులూ రాడ్లూ మొత్తం బయటికి లాగాలి. అందుకు ముక్కాలి స్టాండు కావాలి, పనిముట్లు కావాలి, మెకానిక్ రావాలి. ఈ తిప్పలు చూసే ఆ తర్వాత మార్క్ 3, ఆఫ్రిదేవ్ అనే పంపులు చేశారు. వాటిలో పైపు కదపకుండా లోపలి ముక్క ఒక్కటే పైకి తీయొచ్చు. ఊరి ఆడవాళ్లే బాగుచేసుకోవచ్చు.

కథకుడికి ఇక్కడ ఏం దొరికింది? స్పానర్ ఎవరింట్లో ఉంటుంది అన్న ప్రశ్న దొరికింది. రిపేరు డబ్బు ఎవరి పెట్టెలో ఉంటుంది, నీళ్ల కమిటీలో పేరున్న ఆడమనిషి నిజంగా నోరు తెరిచి మాట్లాడుతుందా, పంపు ఆగిన రోజున మళ్లీ చెరువుకి వెళ్లేది ఏ పిల్ల అన్న ప్రశ్నలు దొరికాయి. నీటి కొరత అని రాస్తే ఇవేవీ రావు. వాషరు అని రాస్తే అన్నీ వస్తాయి.

నా కథకు వస్తువు తాళంచెవి. ఒక గదికి ఒకటే తాళంచెవి.

5. పథకంతో సంబంధం లేని కోరిక ఒకటి ఇవ్వండి

నిర్వాసితురాలు అన్నది పాత్ర కాదు, ప్రభుత్వం ఇచ్చిన పేరు. మా అమ్మమ్మ తనను తాను ఎప్పుడూ అలా అనుకోలేదు. ఆవిడకి పెద్ద కోడలి మీద కోపం, నిమ్మకాయ ఊరగాయ మీద ప్రాణం.

మీ పాత్ర ఆనకట్ట రాకపోయినా ఏం కోరుకునేదో రాసుకోండి. చెల్లెలికంటే మంచి గుడ్డ కట్టుకోవాలనో, కొడుకు టీచరు కావాలనో, పాత అప్పు ఒకటి ఎవరికీ తెలియకుండా తీర్చేయాలనో. ఆనకట్ట వచ్చి ఆ కోరికను అడ్డుకోవాలి, లేదా ఊహించని దారిలో తీర్చాలి. తీర్చడం కూడా జరుగుతుంది, మరిచిపోకండి. సరస్సు నిండాక చేపల కోసం దిగువ నుంచి ఎన్నో కుటుంబాలు దాని ఒడ్డుకు చేరి బతుకు దిద్దుకున్నాయి. అదే సమయంలో ఆనకట్టకు దిగువన, నదిలో మునిగి ఆల్చిప్పలు ఏరి అమ్ముకునే టొంగు ప్రాంతపు ఆడవాళ్ల జీవనం దెబ్బతింది. నది పారే తీరు మారి, ఆల్చిప్పలు పెరిగే చోటు సముద్రం వైపు జరిగిపోయింది. ఈ రెండూ నిజమే. ఒకే ఇంట్లో అక్కకు ఒకటి, చెల్లికి ఒకటి జరిగి ఉండొచ్చు.

అధికారికీ ఇదే న్యాయం. ఇళ్లు లెక్కపెట్టడానికి వచ్చిన కుర్రాణ్ణి దుర్మార్గుడిగా రాయకండి. నీళ్లు వచ్చేస్తున్నాయి, ఇళ్లు పూర్తవలేదు, పై నుంచి తొందర. వాడికీ టెన్షనే. వాడు ఆ దేశంలో మొదటి తరం ఉద్యోగి. వాడి ఊళ్లో వాడి పేరు చెప్పుకుని గర్వపడే తల్లి ఉంటుంది.

6. ఏ సంవత్సరం, ఏ గాలి

ఒకే సరస్సు ఒడ్డున ఏ ఏడు నిలబడ్డారన్న దాన్నిబట్టి కథ మారిపోతుంది. 1966 జనవరి 22న ఎన్‌క్రుమా ఆనకట్టను ప్రారంభించాడు. ఫిబ్రవరి 24న సైన్యం ఆయన్ని పదవి నుంచి దించింది. ఆయన అప్పుడు ఆసియా పర్యటనలో ఉన్నాడు. ఈ రెండు తేదీలనూ దాటి నడిచే కథ ఎలా ఉంటుందో ఆలోచించండి. గోడ మీద ఆయన ఫొటో ఉంచాలా తీసేయాలా అని తటపటాయించే ఇల్లు ఒకటి చాలు.

1983 అయితే తీవ్రమైన కరువు. సరస్సు అడుగంటి కరెంటు కోత పెట్టారు. అదే ఏడాది మొదట్లో నైజీరియా నుంచి లక్షల మంది ఘనా వాళ్లను వెళ్లగొట్టారు. వాళ్లు సామాను కట్టుకున్న గళ్ల సంచులకు "ఘనా మస్ట్ గో" అనే పేరే స్థిరపడిపోయింది. బస్టాండులో మనం రోజూ చూసే నీలం ఎరుపు గళ్ల సంచి అదే. 2012 తర్వాత కొన్నేళ్లయితే "దుమ్‌సోర్" కాలం. ఘనాలో చాలామంది మాట్లాడే అకాన్ భాషలో దుమ్ అంటే ఆర్పడం, సో అంటే వెలిగించడం. కరెంటు వస్తూ పోతూ ఉండే పరిస్థితికి జనం పెట్టుకున్న పేరు. 2023లో గేట్లు ఎత్తితే దిగువన మెపె లాంటి ఊళ్లు మునిగాయి. ఆనకట్ట కట్టిన దాదాపు అరవై ఏళ్లకు మళ్లీ ముంపు.

కరెంటు సంగతి ఒకటి చెప్పాలి, ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. మొదటి దశాబ్దాల్లో ఆ కరెంటులో ఎక్కువ భాగం తెమా రేవు పట్నంలోని వాల్కో అల్యూమినియం ఫ్యాక్టరీకి చవక ధరకు వెళ్లింది. అల్యూమినియం తీసే బాక్సైట్ ఖనిజం ఘనాలో ఉన్నా ముడిసరుకు బయటి నుంచి వచ్చేది. ఊళ్లు వదిలిన వాళ్ల కాలనీల్లో చాలావాటికి ఏళ్ల తరబడి దీపం రాలేదు. దీన్ని కథలో ఉపన్యాసంగా పెట్టకండి. కిరసనాయిలు దీపం దగ్గర హోంవర్క్ చేసుకునే పిల్ల తల మీదుగా కరెంటు తీగలు పోతున్నాయని ఒక్క వాక్యం రాయండి.

గాలి కూడా చూసుకోండి. నవంబరు నుంచి మార్చి దాకా సహారా వైపు నుంచి హర్మటాన్ గాలి వీస్తుంది. దుమ్ముతో ఆకాశం మసకబారుతుంది, పెదవులు పగులుతాయి. ఫిబ్రవరి కథలో జోరువాన కురిపిస్తే ఆ ఊరివాళ్లు పుస్తకం మూసేస్తారు.

7. మన పోలిక ఎక్కడ ఆపాలో తెలుసుకోండి

తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ముంపు, పరిహారం, పునరావాస కాలనీ లాంటి మాటలన్నీ మన నోళ్లలో నానినవే, కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ఘనాలో వేపచెట్టు కూడా ఉంది, అదీ మన దేశం నుంచి వెళ్లిందే. ఓల్టా ప్రాంతంలో మాట్లాడే ఎవె భాషలో తొగ్బె అంటే తాత, ఊరి పెద్దనూ అలాగే పిలుస్తారు. మన "తాత" పక్కన అది చక్కగా ఒదుగుతుంది.

ప్రమాదమూ ఇక్కడే. పోలికలు దొరికేకొద్దీ శ్రీశైలాన్ని తీసుకెళ్లి ఓల్టా ఒడ్డున పెట్టేస్తాం. నేను మొదటి ప్రతిలో అదే చేశాను. మన దగ్గరలా పట్టాదారు పాస్‌బుక్కూ, పేరు మీద పొలమూ రాశాను. అక్కడ నేల చాలావరకు వంశానిదో, ఊరి పెద్ద పీఠానిదో. ఒక మనిషి సంతకంతో తేలే విషయం కాదు. ఆ ఒక్క తేడాతో నా కథలో మూడు పేజీలు కొట్టేయాల్సి వచ్చింది.

పేర్ల దగ్గరా తొందర పడొద్దు. అక్కడ పుట్టిన వారాన్నిబట్టి పేరు పెట్టే ఆచారం ఉంది. ఎవె వాళ్లలో శుక్రవారం పుట్టిన ఆడపిల్ల అఫీ, ఆదివారం పుడితే అకొసివా, గురువారం పుట్టిన మగపిల్లవాడు యావో. పాత్ర పుట్టిన వారం ముందు నిర్ణయించుకోండి.

8. రాయండి, జాలి వాక్యాలు తీసేయండి

నా కథలో అఫీ, అకొసివా ఇద్దరూ యావో భార్యలు. మొదటి ప్రతి ఇలా మొదలైంది: "అభివృద్ధి పేరిట సర్వస్వం కోల్పోయిన ఆ అభాగ్యురాలు శూన్యంలోకి చూస్తూ నిట్టూర్చింది." ఈ వాక్యంలో ఘనా లేదు, అఫీ లేదు, ఇల్లు లేదు. నా జాలి ఒక్కటే ఉంది. అయిదుసార్లు తిరగరాశాక ఇలా వచ్చింది:

"తాళంచెవి కొత్తది. వేళ్లకు నూనె అంటుకుంది. యావో ఒకసారి గది వైపు, ఒకసారి గోడల్లేని కప్పు వైపు చూసి, వలలు దింపుకొస్తానని లారీ దగ్గరికి వెళ్లిపోయాడు. అఫీ లోపలికి నడిచింది. నాలుగు అడుగులకే గోడ. తిరిగి నాలుగు అడుగులు. బయట కప్పు కింద స్తంభానికి ఆనుకుని అకొసివా చంటిదానికి పాలిస్తోంది. పాత ఊళ్లో వాళ్లిద్దరి గుమ్మాల మధ్య వేపచెట్టు ఉండేది. కోపం వస్తే ఎవరో ఒకరు చెట్టుకి అవతలి వైపు కూర్చునేవారు."

ఇందులో ఏడుపు లేదు. ఆనకట్ట అన్న మాటే లేదు. చెట్టు లేకపోవడం ఉంది. మీరు రాసింది ఒకసారి చదివి అభాగ్యులు, కన్నీరు, చీకటి ఖండం లాంటి మాటల్ని గీసేయండి. వాటి చోట ఎన్ని అడుగులు, ఏ గుడ్డ, ఏ వాసన అని రాయండి.

9. అక్కడివాళ్లకు చదివి వినిపించండి

ఇది వదిలేయొద్దు. హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ ఆఫ్రికా దేశాల విద్యార్థులు చదువుకుంటున్నారు. అక్రా, తెమా వైపు ఉద్యోగం చేసే బంధువులుంటే వాళ్ల సహోద్యోగుల్ని అడగొచ్చు. వెళ్లి వాళ్ల సొంత కష్టాలు తవ్వకండి. వాళ్లు మీకు సమాచారం కాదు, మీ మొదటి పాఠకులు. కథ చెప్పండి, ఎక్కడ నమ్మలేకపోయారో అడగండి, వాదించకుండా రాసుకోండి.

నా కథ ఓల్టా ప్రాంతం నుంచి వచ్చిన ఒక విద్యార్థికి ఇంగ్లీషులో నోటితో చెప్పాను. చివర్లో అఫీ తాళంచెవిని అకొసివాకి ఇచ్చేస్తుంది. చంటిబిడ్డ ఉంది కదా, గదిలో నువ్వు పడుకో అని. కుడిచేత్తో మూట పట్టుకుని ఉంది కాబట్టి ఎడమ చేత్తో ఇచ్చిందని రాశాను. ఆ తర్వాత ఇద్దరూ కావలించుకుని ఏడుస్తారు. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు: "ఎడమ చేత్తో ఇచ్చిందా? మరి ఎడమ చేతికి సారీ చెప్పిందా?"

అక్కడ ఎడమ చేత్తో ఇవ్వడం మన దగ్గరలాగే తప్పు. తప్పనిసరై ఇస్తే ఎడమ చేతికి ఏమీ అనుకోకు అని చెప్పి ఇస్తారు. చెప్పకపోతే అవతలి మనిషిని చిన్నబుచ్చినట్టే. నేను గమనించకుండా రాసిన ఒక చేయి కథనంతా తిప్పేసింది. ఇంటికొచ్చి కావలింతా ఏడుపూ ఉన్న రెండు పేరాలు కొట్టేశాను. చివరి వాక్యాలు ఇప్పుడిలా ఉన్నాయి:

"అఫీ మూట కింద పెట్టలేదు. తాళంచెవి ఎడమ చేత్తో చాపింది. ఏమీ అనలేదు. అకొసివా బిడ్డను ఒళ్లోంచి దించి, లేచి నిలబడి, రెండు చేతులతో అందుకుంది."